బొగ్గు గీతలు

ఆదివారం ఆరున్నరకి
చంపావతి ఇసకలో బంతి కన్నా ముందు
తగువు మొదలవుతుంది:
పోయినవారం ఆఖరి గోలు గోలేనా, కాదా.

మాకు గోలు కర్రల్లేవు.
ఒక పక్క పారినాయుడి చెప్పుల జత,
ఒక పక్క ఖాదర్ వలీ టిఫిను కేరేజీ.
చెప్పుల మీంచి ఎంతెత్తున పోతే గోలు?
"నా తలెత్తు" అంటాడు అసిరయ్య.
ఆ ఎత్తు
వాళ్ళు కొట్టినప్పుడు ఒకలాగ,
మేం కొట్టినప్పుడు ఒకలాగ.

రాత్రి షిఫ్టు దిగి
జుట్టులో జనపనార నుసితోనే వచ్చేస్తాడు కూర్మారావు.
సగం నిద్రలో పరిగెడతాడు,
బంతిని మాత్రం సరిగ్గా కాలి ముందుకే అందిస్తాడు.
ఒకసారి అవతలివాడి కాలి ముందుకీ అందించాడు,
అంతే సరిగ్గా.

నేను గోల్ కీపర్ని.
ముప్పై ఎనిమిదో ఏట
మోకాలు నన్నీ ఉద్యోగంలో పెట్టింది.
ఏటి వైపు నిలబడతాను, పొద్దుకి ఎదురుగా.
సగం ఆటకి వైపులు మారాలని రూలు.
మేం మారం.
ఎప్పుడో ఒకనాడు అలిసిపోయి మారలేదు,
అక్కణ్ణించి వాళ్ళు మిల్లువాళ్ళు, మేం ఏటివాళ్ళం.
వెలుగులోంచి ఒక నల్లచుక్క పెద్దదవుతూ వస్తుంది.
చేతికి దొరికితే అది బంతి.
దొరక్కపోతే,
"నీకు జీతం దండగ బావూ!"
ఎవడిచ్చాడు జీతం?

మిల్లు గేటుకి తాళం పడ్డ ఆ నాలుగు నెలలూ
రోజూ ఆడేం.
మా జన్మలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు.
ఆ మాట ఎవరం పైకి అనం.

ఆటయ్యాక గురివినాయుడి టీ కొట్టు.
ఓడినవాళ్ళు డబ్బులివ్వాలి,
గెలిచినవాళ్ళు పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి
గోడ మీద గీత గియ్యాలి.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
పదకొండేళ్ళ గీతలు, కిటికీ దాటి
కేలెండరు కిందికి దూరిపోయేయి.
పాలపేకట్లవాడు ఓసారి అడిగేడు,
"ఇన్ని టీలు బాకీయా, ఏటి?"

కిందటి నెల
గురివినాయుడు గేసు పొయ్యి కొన్నాడు.
కొత్త పొయ్యికి కొత్త గోడుండాలని
సున్నం కొట్టించేసేడు.
వెళ్ళి చూస్తే గీతల్లేవు,
గియ్యడానికి బొగ్గూ లేదు.
అతగాడు నవ్వుతూ, "ఎలగుంది?" అన్నాడు.
తెల్లటి గోడకేసి
తడిసిన బనీన్లతో పదిమందిమి నిలబడిపోయేం.

"రెండొందల పన్నెండు మావి" అన్నాడు పారినాయుడు.
"మీయెక్కడియిరా, నూటతొంబై దాట్లేదు!"
కాసేపటికి అందరూ ఖాదర్ వలీ కేసి తిరిగేరు.
టైమాఫీసు గుమాస్తా,
ఎవడి నాగా ఏ రోజో
నిద్రలో లేపి అడిగినా చెప్తాడు.
అతను టీ మీది మీగడ ఊదుకుంటూ అన్నాడు:
"నేనెప్పుడు లెక్కపెట్టేన్రా?"

మరుసటివారం
కూర్మారావు జేబులో చాక్‌పీసు వేసుకొచ్చేడు.
తెల్లగోడ మీద తెల్లచాకు!
నిద్రమొహం, నిద్రమొహం అని నవ్వి
కింద కూలబడిపోయేం.

ఆ వారమే, ఒకటీ ఒకటీ అయ్యేక,
మిల్లు కూత ఇంకో రెండు నిమిషాలుందనగా
తవిటినాయుడు తన్నిన బంతి
చెప్పుల మీంచి పోయింది.
గోలన్నారు. కాదన్నారు.
అసిరయ్య కొలతకి వచ్చి
చెప్పుల పక్కన నిలబడ్డాడు.
మునివేళ్ళ మీద లేచేడో లేదో,
పాదాలు ఇసకలో ములిగిపోయేయి,
కనబళ్ళేదు.

గోడ ఇంకా తెల్లగానే ఉంది.
టీ డబ్బులు ఎవరివి వాళ్ళమే ఇచ్చుకుంటున్నాం.
ఆ బంతి నా చిటికినవేలికి తగిలి మరీ వెళ్ళింది.
అది ఎంతెత్తో నాకు తెలుసు.
కళ్ళల్లో పొద్దున్నవాణ్ణని
నన్నెవరూ అడగలేదు.